గోదావరి డెల్టా చేలకు నత్రజని: జీలుగా, పిల్లిపెసరా, జనుమా, గట్టు మీది చెట్లా?

గోదావరి డెల్టాలో దాళ్వా (రెండో పంట వరి) కోతలు ముగిసి, ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలను వేసవిలో కట్టేసిన తరువాత, సార్వా (వానాకాలపు వరి) ఊడ్పులు మొదలయ్యే వరకు మాగాణి చేను దాదాపు రెండు నెలలు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలో పెంచి, పచ్చిగా ఉండగానే కలియదున్ని నేలకు నత్రజని సమకూర్చే పచ్చిరొట్ట పైరు ఏది వేయాలన్న ప్రశ్నకు ఇక్కడ చాలా సమాధానాలు వినిపిస్తాయి. ఒకరు జీలుగ అంటారు, ఒకరు జనుము అంటారు, పశువులున్నవారు పిల్లిపెసర వైపు మొగ్గుతారు, గట్ల మీద గ్లైరిసిడియా నాటితే ఏటా విత్తనం ఖర్చే ఉండదని మరొకరు చెబుతారు. ఇవన్నీ తమ తమ చోట సరైన సమాధానాలే. అయితే ఏ మొక్క ఎకరాకు ఎన్ని కిలోల నత్రజని ఇస్తుందన్న అంకెను ముందు పెట్టుకొని ఎంచుకోవడం వల్లనే ఎక్కువమంది నిరాశపడుతున్నారని నా అభిప్రాయం. మీ చేను ఎన్ని రోజులు ఖాళీగా ఉంటుంది, అందులో నీరు నిలుస్తుందా, ఉప్పు ఉందా, ఆ భూమి మీదేనా కౌలుదా అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానం తేలిన తరువాతే ఆ అంకెకు అర్థం ఉంటుంది.

గాలిలో 78 శాతం నత్రజనే ఉన్నా, మొక్కలు దానిని నేరుగా తీసుకోలేవు. పప్పుజాతి మొక్కల వేర్ల బుడిపెలలో నివసించే రైజోబియం బ్యాక్టీరియా దానిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మారుస్తుంది, ప్రతిగా మొక్క నుంచి పిండిపదార్థం తీసుకుంటుంది. ఈ బ్యాక్టీరియా ప్రతి మొక్కతోనూ ఒకే తీరుగా కలవదు. మినుము, పెసర, పిల్లిపెసర వంటివి దాదాపు ఒకే వర్గం బ్యాక్టీరియాతో పనిచేస్తాయి, జీలుగకు సరిపోయేది వేరు. తరతరాలుగా ఒక పైరు పండుతున్న నేలలో దానికి తగిన బ్యాక్టీరియా ఇప్పటికే ఉంటుంది కనుక, స్థానికంగా అలవాటైన మొక్క బయటి నుంచి తెచ్చిన మొక్క కంటే తొందరగా బుడిపెలు కడుతుంది. మొదటిసారి వేసే చేనులో విత్తనానికి రైజోబియం పొడి పట్టించడం మంచిది, ఏటా వేసే చేనులో దాని అవసరం అంతగా కనిపించదు.

బుడిపె ఉన్నంత మాత్రాన అది పనిచేస్తున్నట్టు కాదు. నెల రోజుల వయసులో ఒక మొక్కను వేర్లతో సహా మెల్లగా పెకలించి, బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ లేదా ఎరుపు రంగు ఉంటే నత్రజని తయారవుతోంది. తెల్లగా గాని, ఆకుపచ్చగా గాని ఉంటే అది ఇంకా మొదలు కాలేదు, లేదా ఆగిపోయింది. అలాంటప్పుడు ఎక్కువ చేలలో భాస్వరం కొరతే కారణమవుతుంది కాబట్టి, వరికి వేయవలసిన సూపర్ ఫాస్ఫేట్‌లో కొంత పచ్చిరొట్ట పైరు విత్తేటప్పుడే వేయడం రెండు పైర్లకూ ఉపయోగపడుతుంది.

ఇంకొక అపోహను ఇక్కడే తొలగించుకోవాలి. కాయ కాసే చెట్లన్నీ నత్రజనిని స్థిరీకరిస్తాయని చాలామంది నమ్ముతారు. చింత, రేల, తంగేడు పప్పుజాతి కుటుంబానికే చెందినవైనా వాటి వేర్లపై బుడిపెలు ఏర్పడవు. వాటి ఆకు వేస్తే నేలకు సేంద్రియ పదార్థం అందుతుంది, అవి నేల నుంచే తీసుకున్న నత్రజనిలో కొంత తిరిగి వస్తుంది. కొత్తగా గాలి నుంచి చేరేది మాత్రం ఏమీ ఉండదు.

జీలుగ

డెల్టా మాగాణికి మొదట ఆలోచించవలసిన పైరు జీలుగే. నీటిని తట్టుకోవడంలో మిగిలిన పచ్చిరొట్ట పైర్లేవీ దీనికి సాటి రావు. చేనులో నీరు నిలిచినప్పుడు మునిగిన కాండం చుట్టూ బెండులాంటి మెత్తని పొర ఏర్పడి వేర్లకు గాలి అందిస్తుంది, అందువల్ల తొలకరి వానకు మురుగు కాలువ పోటెత్తి చేను వారం రోజులు మునిగినా పైరు చావదు. మొలక దశలో మాత్రం ఈ శక్తి ఉండదు కనుక విత్తిన మొదటి రెండు వారాలు నీరు నిలవకుండా చూసుకోవాలి.

దీని రెండో గుణం ఉప్పును ఓర్చుకోవడం. ఉప్పలగుప్తం, అల్లవరం, కాట్రేనికోన, సఖినేటిపల్లి, మొగల్తూరు వంటి తీర మండలాల్లో, భీమవరం చుట్టుపక్కల ఉప్పునీటి చెరువుల ఊట తగిలే చేలలో జనుము మొలిచి పసుపుబారి ఆగిపోయే చోట కూడా జీలుగ నిలబడుతుంది. సోడియం ఎక్కువైన కారు చౌడు నేలలో ఇది ఇంకొక మేలు చేస్తుంది. రొట్ట కుళ్ళేటప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు, సేంద్రియ ఆమ్లాలు నేలలోని సున్నాన్ని కరిగిస్తాయి, అలా విడుదలైన కాల్షియం మట్టికి పట్టుకొని ఉన్న సోడియాన్ని తొలగిస్తుంది. అయితే తొలగిన సోడియం నీటితో పాటు మురుగు కాలువలోకి పోవాలి. మురుగు పారుదల లేని చేనులో జీలుగ వేసినా, జిప్సం వేసినా ఆ ఉప్పు అక్కడే తిరుగుతూ ఉంటుంది కాబట్టి, మంచినీరు పెట్టి తీసేసే వీలు ఉన్నదో లేదో చూసుకున్న తరువాతే చౌడు బాగు పడుతుందని ఆశించాలి.

ఎకరాకు 12 కిలోల వరకు విత్తనం సరిపోతుంది. గింజ పై పొర గట్టిది కనుక రాత్రంతా నానబెట్టి, నీడలో ఆరబెట్టి చల్లితే మొలక ఒక్కసారిగా వస్తుంది. మే నెల నడుమ వచ్చే కృత్తిక కార్తెలో పడే వేసవి జల్లులను అందుకొని విత్తితే జూన్ చివరికి, జూలై మొదటికి 45 నుంచి 50 రోజుల పైరు చేతికి వస్తుంది. పగటి పొడవు ఎక్కువగా ఉండే రోజులు కావడం వల్ల అప్పటికి పూత తక్కువగా, ఆకు ఎక్కువగా ఉంటుంది. పూత మొదలయ్యే సమయమే కలియదున్నడానికి సరైన అదును. ఆ తరువాత కాండం చేవ తేలి, కర్బనం పాలు పెరిగి, కుళ్ళడానికి ఎక్కువ రోజులు పడుతుంది. అలాంటి ముదురు రొట్టను దమ్ము చేసి (నీరు పెట్టి బురదగా దున్ని) వెంటనే ఊడిస్తే, దానిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులే నేలలోని నత్రజనిని లాక్కొని నాటిన వరి కొన్నాళ్ళు పసుపుబారుతుంది. లేత పైరైతే కలియదున్నిన వారం పది రోజులకు ఊడ్పుకు దిగవచ్చు, ముదిరిన దానికి రెండు వారాలు ఆగాలి.

ఇక్కడ డెల్టా ఎగువ చేలకూ, కాలువ చివర ఉండే శివారు చేలకూ తేడా వస్తుంది. కాలువ తల దగ్గర ఉన్నవారికి జూన్ మొదట్లోనే నీరు అందుతుంది, నవంబరు తుఫానులకు ముందే కోత పూర్తి కావాలన్న తొందర కూడా సహజమే కనుక వారికి జీలుగకు దొరికేది 35, 40 రోజులు మాత్రమే. ఆ వయసులో రొట్ట బరువు తగ్గినా, లేతగా ఉండి తొందరగా కుళ్ళుతుంది కాబట్టి వదులుకోవలసిన పని లేదు. శివారు చేలకు నీరు ఆలస్యంగా చేరుతుందన్న కష్టం ఎలాగూ ఉన్నది, ఆ ఆలస్యం ఇచ్చే అదనపు రోజులను జీలుగకు వాడుకోవడం శివారు రైతు చేతిలో ఉన్న పని. పైగా ఉప్పు బాధ ఎక్కువగా ఉండేది కూడా ఆ శివారు చేలలోనే.

పిల్లిపెసర

పిల్లిపెసర మన నేలకు చెందిన మొక్క. నేల మీద పరుచుకొని పాకుతుంది, నాలుగైదు వారాల్లో మట్టిని కప్పేస్తుంది, కాండం సన్నగా, మెత్తగా ఉండటం వల్ల కలియదున్నిన వారంలోపే కుళ్ళిపోతుంది. ఎకరాకు ఎనిమిది కిలోల విత్తనం చాలు. రొట్ట బరువులో జీలుగతో పోటీ పడలేదు, దాదాపు సగమే వస్తుంది. అయినా రెండు పాడి గేదెలున్న ఇంటికి నేను మొదట చెప్పేది ఈ పైరే. వేసవిలో పచ్చిమేత దొరకని రోజుల్లో ఒకసారి కోసి పశువులకు వేసి, మళ్ళీ చిగిర్చిన దానిని కలియదున్నవచ్చు. మేత వేరుగా కొనుక్కునే ఖర్చు తప్పినప్పుడు, నత్రజని కొంత తక్కువైనా ఇంటి లెక్కలో అది నష్టం కాదు. పశువుల పేడ తిరిగి చేనుకే చేరితే ఆ తక్కువ కూడా కొంత భర్తీ అవుతుంది.

దీనికి నీరు నిలిచే చేను పనికిరాదు. రెండు మూడు రోజులు మునిగితే వేర్లు కుళ్ళుతాయి. అందువల్ల దాళ్వా కోసిన వెంటనే, నేలలో మిగిలిన తేమతోనే మొలకెత్తించి, వానలు బలపడే లోపు దున్నేసేలా చూసుకోవాలి. దాళ్వా వేయని చేలలోనైతే సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచిన పైరులోనే చల్లే పద్ధతి ఉంది. మంచు, మిగులు తేమ ఆధారంగా అది శీతకాలమంతా నిలుస్తుంది. వరి కోత యంత్రం చక్రాలు లోతుగా దిగిన చాళ్ళలో మొలక సరిగా రాదు కనుక, కోత సమయానికి చేను నడిస్తే కాలు దిగనంత ఆరి ఉండేలా ముందే నీరు తీసేయాలి.

జనుము

మొలిచిన నెలన్నరకే మనిషి ఎత్తు పెరిగి కలుపును అణచివేయడంలో జనుము మేటి. నేల గుల్లబారడానికి దీని వేరు బాగా ఉపయోగపడుతుంది. కానీ దీనికి మురుగు పారే నేల కావాలి. అందుచేత డెల్టా నడిమి బరువు నేలల్లో, తొలకరి తరువాత నీరు నిలిచే చేలలో దీనిని వేసవిలో వేయమని చెప్పలేను. లంక భూములు, నది ఒడ్డున ఉండే ఇసుక కలిసిన ఒండ్రు నేలలు, కొబ్బరి తోటలు, డెల్టా అంచున ఉన్న మెరక చేలు దీని చోట్లు. సార్వా తరువాత దాళ్వా లేని మాగాణిలో, నవంబరు, డిసెంబరులో చల్లి పశువుల మేతకు పెంచడం కోస్తాలో పాత అలవాటే, ఆ కాలంలో వాన భయం తగ్గుతుంది కనుక అక్కడ అది బాగా వస్తుంది.

జనుము విషయంలో అదును తప్పితే నష్టం జీలుగ కంటే ఎక్కువ. ఇది నార పైరు కూడా కావడం వల్ల పూత దాటిన తరువాత కాండంలో నార గట్టిపడి, రోటావేటరుకు చుట్టుకుంటుంది, నేలలో పడినా తొందరగా కుళ్ళదు. ట్రాక్టరు అద్దెకు తెచ్చుకునేవారు, ఊరంతా ఒకేసారి దమ్ముకు దిగే రోజుల్లో యంత్రం దొరక్క రెండు వారాలు ఆలస్యమయ్యే అవకాశం ఉన్నవారు, జనుము కంటే పిల్లిపెసరను ఎంచుకోవడం క్షేమం.

మినుము, పెసర నత్రజని పైర్లేనా?

సార్వా తరువాత మినుము వేస్తున్నాం కదా, నేలకు నత్రజని అందుతోంది కదా అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఇది పాక్షికంగానే నిజం. మినుములో దాదాపు 24 శాతం మాంసకృత్తులు ఉంటాయి, మాంసకృత్తులలో ఆరోవంతు నత్రజనే. ఎకరాకు నాలుగు క్వింటాళ్ళ దిగుబడి వస్తే గింజతో పాటే దాదాపు 15 కిలోల నత్రజని చేను దాటి పోతుంది. కాయ తీసిన మొక్కను, అంటే కట్టెను కూడా పశువులకు తీసుకుపోతే నేలలో మిగిలేది వేర్లు, రాలిన ఆకులు మాత్రమే. మినుము తన అవసరాన్ని చాలావరకు తానే తీర్చుకుంటుంది, తరువాతి పైరుకు కొద్దిగా మిగులుస్తుంది. వరి తరువాత వరి వేసిన దానికంటే ఇది మేలే, కానీ పచ్చిరొట్టతో సమానంగా లెక్కించి యూరియా తగ్గిస్తే దిగుబడి దెబ్బతింటుంది. కాయ కోసిన తరువాత కట్టెను చేనులోనే దున్నగలిగితే లెక్క కొంత మారుతుంది. బంగారు తీగ పట్టిన చేనులో మాత్రం మినుము, పెసర, పిల్లిపెసర ఏవీ వెంటవెంటనే వేయకూడదు. పప్పుజాతి పైర్ల మీద బతికే ఆ పరాన్న మొక్క గింజ నేలలో ఏళ్ళ తరబడి నిలిచి ఉంటుంది.

అజొల్లా

నీటి మీద తేలే ఈ చిన్న మొక్క ఆకులలో అనబీనా అనే నీలి ఆకుపచ్చ నాచు నివసిస్తూ నత్రజని స్థిరీకరిస్తుంది. మన దేశపు అజొల్లా పిన్నాటా రకం దాళ్వా ఊడ్పుల నాటి చల్లదనంలో, నీటిలో భాస్వరం ఉంటే, నాలుగైదు రోజులకు రెట్టింపవుతుంది. దీని పచ్చి బరువులో 90 శాతానికి పైగా నీరే కావడం వల్ల ఎకరాకు నాలుగు టన్నులు కలియదున్నినా అందే నత్రజని పది కిలోల దగ్గరే ఉంటుంది. అయినా చేనుకు ఒక్కరోజు కూడా ఖాళీ ఇవ్వలేని రైతు చేనులోనే పెంచుకోగల పచ్చిరొట్ట ఇదొక్కటే, ఎందుకంటే ఇది వరితో పాటే పెరుగుతుంది. నీటి మీద పరుచుకొని ఎండ తగలకుండా చేయడం వల్ల వేసిన యూరియా అమ్మోనియాగా ఆవిరైపోవడం కూడా తగ్గుతుంది. ఎండాకాలంలో విత్తన అజొల్లాను నీడ మడిలో కాపాడుకోవడమే దీనిలో అసలు శ్రమ, ఆ ఓపిక లేనివారు దీనిని మొదలు పెట్టకపోవడం మంచిది.

గట్ల మీది చెట్లు

కానుగ ఇక్కడి చెట్టు. కాలువ గట్ల మీద, చెరువుల ఒడ్డున ఎవరూ నాటకపోయినా పెరుగుతుంది, నీటిని, కొంత ఉప్పును తట్టుకుంటుంది, వేర్లపై బుడిపెలు కడుతుంది. ఎండిన ఆకులో దాదాపు మూడు శాతం నత్రజని ఉంటుంది. ఆకులోని, గింజలోని చేదు పదార్థాలు నేలలో అమ్మోనియా నైట్రేటుగా మారడాన్ని నెమ్మదింపజేస్తాయి కాబట్టి మాగాణిలో నత్రజని నష్టం కొంత తగ్గుతుంది. పూర్వం నారుమళ్ళలో కానుగ రొట్ట తొక్కించడం వెనుక ఉన్న అనుభవం ఇదే. లోపం ఏమిటంటే, పెరుగుదల నెమ్మది. నాటిన ఏడాదికే రొట్ట కావాలంటే కానుగ ఇవ్వలేదు.

గ్లైరిసిడియా మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల నుంచి వచ్చిన చెట్టు. కొమ్మ నాటితే బతుకుతుంది, రెండో ఏడాది నుంచి ఏడాదికి రెండు మూడు సార్లు నరికి రొట్ట తీసుకోవచ్చు, ఆకు మెత్తగా ఉండి తొందరగా కుళ్ళుతుంది. పరాయిదన్న ఒక్క కారణంతో దానిని తిరస్కరించడం సరికాదని నేను అనుకుంటాను. అది విత్తనంతో విపరీతంగా వ్యాపించి ఇతర మొక్కలను తరిమేయడం మన డెల్టాలో సమస్యగా కనిపించదు. సుబాబుల్ అలా కాదు. ఏటా లెక్కలేనన్ని గింజలు రాల్చి గట్లంతా తానే అవుతుంది, దానిని కాయ కట్టక ముందే నరికే క్రమశిక్షణ ఉంటేనే నాటాలి. సర్కారు తుమ్మను నత్రజని పేరుతో కూడా గట్టు మీద నాటకూడదు.

తీరపు ఇసుక నేలల్లో రైతులు పెంచే సరుగుడు గురించి ఒక మాట. అది పప్పుజాతి కాదు, అయినా ఫ్రాంకియా అనే వేరే సూక్ష్మజీవి సాయంతో నత్రజని స్థిరీకరిస్తుంది. దాని రాలుడు మాత్రం చాలా నెమ్మదిగా కుళ్ళుతుంది కనుక రొట్ట ఎరువుగా పనికిరాదు. ఇసుక మేటను ఆపడం, ఉప్పు గాలికి అడ్డు నిలవడం, కలప ఆదాయం కోసమే దానిని ఎంచుకోవాలి. అలాంటి ఇసుక నేలల గట్ల మీద రొట్ట కావాలనుకుంటే వెంపలి మంచిది. అది ఇక్కడి మొక్కే. మొదటి ఏడాది నెమ్మదిగా మొలిచినా తరువాత రాలిన గింజతో తానే నిలుస్తుంది, పశువులు దాని జోలికి పెద్దగా రావు.

చెట్ల విషయంలో నిర్ణయం తీసుకునే ముందు భూమి ఎవరిదన్నది చూడాలి. డెల్టాలో సాగు చేసేవారిలో కౌలు రైతులు చాలా ఎక్కువ. వచ్చే ఏడాది ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని రైతును గట్టు మీద కానుగ నాటమని చెప్పడం న్యాయం కాదు. ఆ గట్టు మీద హక్కు అతనికి లేదు, రొట్ట అందే నాటికి అతను అక్కడ ఉండకపోవచ్చు. కౌలు రైతుకు ఏడాదిలో తిరిగి వచ్చే జీలుగ, పిల్లిపెసరలే తగినవి. చెట్లు నాటవలసింది భూమి యజమాని, ఆ రొట్టను కౌలుదారు వాడుకునేలా ముందే మాట్లాడుకుంటే ఇద్దరికీ మేలు.

కొబ్బరి తోటలో లెక్క వేరు

కోనసీమ కొబ్బరికి కాపు చెట్టుకు ఏడాదికి 500 గ్రాముల నత్రజని సిఫారసు ఉంది. తోట గట్టు మీది గ్లైరిసిడియా నుంచి పాదుకు 20 కిలోల పచ్చి రొట్ట వేయగలిగితే, అందులో ఎండు పదార్థం అయిదు కిలోలనుకుంటే, దాదాపు 140 గ్రాముల నత్రజని అంటే అవసరంలో నాలుగోవంతుకు పైగా దాని నుంచే అందుతుంది. ఎండ పడే తోటల్లో తొలకరికి పాదుల్లో జనుము గాని, పిల్లిపెసర గాని చల్లి, పూత సమయానికి అక్కడే తిప్పి కలపవచ్చు. కోకో పెరిగి నేలకు ఎండే తగలని తోటలో ఏ పచ్చిరొట్ట విత్తనమూ సరిగా పెరగదు, అక్కడ కోకో ఆకు రాలుడునూ కొబ్బరి మట్టలనూ తోటలోనే ఉంచి కుళ్ళనివ్వడం, గట్టు చెట్ల రొట్ట తెచ్చి వేయడం తప్ప వేరే మార్గం లేదు.

సీమ జీలుగ, నవధాన్యాలు

ఆఫ్రికాలోని సెనెగల్ ప్రాంతపు సీమ జీలుగకు కాండం మీద కూడా బుడిపెలు ఉంటాయి కనుక నీరు నిలిచినప్పుడు నత్రజని తయారీ ఆగదు. దీని బలహీనత పగటి పొడవు. పగలు తగ్గే రోజుల్లో విత్తితే చిన్న వయసులోనే పూసి ఆగిపోతుంది. వేసవిలో వేసేవారికి అది అడ్డు కాదు, కానీ నాణ్యమైన విత్తనం మామూలు జీలుగంత తేలికగా దొరకదు. ప్రకృతి వ్యవసాయంలో చెప్పే నవధాన్యాల మిశ్రమంలో పప్పుజాతితో పాటు చిరుధాన్యాలు, నూనెగింజలు, ఆకుకూరలు కలిసి ఉండటం వల్ల నత్రజని లెక్కలో అది కేవలం జీలుగ కంటే వెనుకబడుతుంది. నేల కప్పడానికి, రకరకాల వేర్లు నేలలో పారడానికి మెరక చేలలో అది బాగుంటుంది. నీరు నిలిచే పల్లపు మాగాణిలో ఆ మిశ్రమంలో చివరికి నిలిచేవి ఒకటి రెండు జాతులే కనుక అక్కడ దానికి డబ్బు పెట్టడం అనవసరం.

గుర్రపు డెక్కను కూడా ఈ పోలికలోకి తేవాలి. అది నత్రజని స్థిరీకరించదు, బయటి ఖండం నుంచి వచ్చిన మొక్క. అయినా చేల నుంచి, చెరువుల నుంచి మురుగు కాలువల్లోకి పోయిన నత్రజనిని అది పట్టుకొని ఉంటుంది. కాలువ శుభ్రం చేసి గట్టున వేసిన డెక్కను ఎండబెట్టి, పేడతో కలిపి కంపోస్టు చేస్తే మన చేను పోగొట్టుకున్నది కొంత తిరిగి వస్తుంది. పచ్చిదానిని చేనులో వేయకూడదు, మళ్ళీ చిగిర్చి బోదెల్లోకి చేరుతుంది.

యూరియా ఎంత తగ్గించాలి

పచ్చిరొట్ట వేసి, యూరియా మునుపటిలాగే వేస్తే అది మేలు కాదు, ఖర్చూ తెగులూ రెండూ పెరుగుతాయి. దీనిని తక్కిన అన్నిటికంటే గట్టిగా చెప్పవలసి ఉంది. జీలుగ ఎకరాకు ఎనిమిది టన్నుల రొట్ట ఇచ్చిందనుకుందాం. అందులో ఎండు పదార్థం అయిదోవంతు, అంటే 1,600 కిలోలు, దానిలో నత్రజని రెండున్నర శాతం అనుకుంటే 40 కిలోలు. ఈ మొత్తం గాలి నుంచే రాలేదు, కొంత నేలదే. పైగా మొదటి పైరుకే అంతా అందదు. సగం అందుతుందని జాగ్రత్తగా లెక్కిస్తే 20 కిలోలు, అంటే 46 శాతం నత్రజని ఉన్న 45 కిలోల యూరియా బస్తా ఒకటి. కాబట్టి బాగా పెరిగిన జీలుగ కలియదున్నిన ఎకరానికి ఒక బస్తా యూరియా తగ్గించవచ్చు, పిల్లిపెసరకు అర బస్తా. రొట్ట పలుచగా వచ్చిన చేనులో ఈ లెక్క వర్తించదు. దున్నే ముందు ఒక చదరపు మీటరు మొక్కలను వేర్లు వదిలేసి కోసి తూచితే, ఆ కిలోలను నాలుగుతో గుణిస్తే ఎకరాకు ఎన్ని టన్నులో సుమారుగా తెలుస్తుంది. చేనులో మూడు నాలుగు చోట్ల తూచి సగటు తీసుకోవాలి.

తగ్గించవలసింది దమ్ములో వేసే మొదటి దఫాను. రొట్ట నుంచి నత్రజని విడుదలయ్యేది ఊడ్చిన తొలి వారాలలోనే కనుక అప్పుడు పైనుంచి వేసే యూరియాలో చాలాభాగం గాలిలోకీ మురుగు కాలువలోకీ పోతుంది. మామూలు పరిస్థితుల్లోనే వరి పైరు వేసిన యూరియా నత్రజనిలో మూడోవంతు నుంచి 40 శాతం వరకే తీసుకుంటుంది. మిగిలినదానిలో కొంత కొల్లేరు వైపు, సముద్రం వైపు పోయే నీటిలో కలిసి అక్కడి నీటిని పాడు చేస్తుంది. చేనులో అతిగా మిగిలిన నత్రజని పైరును ముదురు పచ్చగా, మెత్తగా చేసి సుడిదోమను, పాముపొడ తెగులును పిలుస్తుంది, చివరి దశలో గాలివానకు పడిపోయేలా చేస్తుంది. మార్టేరు వరి పరిశోధన స్థానం నుంచి 1982లో విడుదలైన స్వర్ణ వంటి వరి రకాలు తక్కువ నత్రజనితోనే మంచి దిగుబడి ఇస్తాయి కనుక, స్వర్ణ వేసే చేనులో పచ్చిరొట్ట తరువాత యూరియా విషయంలో మరింత నిగ్రహం కావాలి. పైపాటు దఫాలను, అంటే నాటిన తరువాత వేసే యూరియాను ఆకు రంగుల పట్టికతో పోల్చి చూసి, ఆకు పాలిపోయినప్పుడే వేయడం మంచి పద్ధతి. రొట్ట ఎక్కువగా దున్ని వెంటనే నీరు కట్టిన చేనులో జింకు లోపం బయటపడవచ్చు. నాటిన రెండు మూడు వారాలకు ఆకుల మీద ఇటుక రంగు మచ్చలు కనిపిస్తే నత్రజని తక్కువైందని యూరియా చల్లకుండా, నీరు తీసి జింకు సల్ఫేటు సంగతి చూడాలి.

విత్తనం విషయానికి వస్తే, రైతు సేవా కేంద్రాల ద్వారా జీలుగ, జనుము, పిల్లిపెసర విత్తనాలను రాయితీపై ఇస్తుంటారు, కానీ అవి అదునుకు చేతికి అందడమే ముఖ్యం. కృత్తిక కార్తె జల్లు పడిన నాడు ఇంట్లో విత్తనం లేకపోతే ఆ ఏడాది ఖాళీ మళ్ళీ దొరకదు. అందువల్ల జూన్‌లో దున్నేటప్పుడు మెరకగా ఉన్న గట్టు పక్కన ఒక చాలు జీలుగను వదిలేయండి. అది వానాకాలమంతా పెరిగి, శీతకాలానికి కాయ ఎండుతుంది. కాయలు పగిలి చేనులో రాలక ముందే కోసి, దులిపి, బాగా ఎండబెట్టి దాచుకుంటే మరుసటి వేసవికి సరిపోయే గింజ చేతిలో ఉంటుంది.